తాళం వేసిన కంప్యూటర్‌లో చిన్న లినక్స్

కాలేజీ ల్యాబ్‌లోనో లైబ్రరీలోనో పదిమందీ వాడే కంప్యూటర్ ముందు కూర్చుంటే మొదట ఎదురయ్యేవి ‘వద్దు’లే. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. సీ డ్రైవ్‌లో దాచుకున్న ఫైలు మర్నాటికి ఉండదు. గడియారం అరగంట వెనక ఉన్నా సరిచేయడానికి వీల్లేదు. ఇలాంటి యంత్రం మీద మనదైన ఆపరేటింగ్ సిస్టమ్ నడుపుకోవచ్చా అన్న ప్రశ్న పాతికేళ్లుగా నలుగుతోంది. దానికి వచ్చిన జవాబులు ఒకటీ రెండూ కాదు. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే అన్నిటిలోనూ ఒకే బేరం కనిపిస్తుంది. యజమాని ఇవ్వని ప్రతి అనుమతికీ బదులుగా ప్రాసెసర్ శ్రమను చెల్లించుకోవాలి. అనుమతులు తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది, వేగం తగ్గేకొద్దీ సిస్టమ్ చిన్నదై తీరాలి. చిన్న సిస్టమ్‌ల చరిత్రను పాత కంప్యూటర్లకు ప్రాణం పోసిన కథగానే ఎక్కువమంది చెబుతారు. నా లెక్కలో అది సగం కథ. మిగతా సగం తాళాలది.

పొదుపు విద్య మొదలైంది మాత్రం తాళాల వల్ల కాదు, ఫ్లాపీ వల్ల. 1995లో బ్రూస్ పెరెన్స్ డెబియన్ లినక్స్ ఇన్‌స్టాలర్‌నూ చెడిపోయిన యంత్రాన్ని కోలుకునేలా చేసే సిస్టమ్‌నూ 1.44 మెగాబైట్ల ఒక్క ఫ్లాపీలో పట్టించాలని బిజీబాక్స్ రాశాడు. యూనిక్స్‌లో విడివిడిగా ఉండే కమాండ్లన్నిటినీ ఒకే ప్రోగ్రామ్‌గా కుట్టేసి, ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేసేలా పెట్టాడు. ఈ రోజుకీ చిన్న లినక్స్ ఏది విప్పి చూసినా లోపల బిజీబాక్స్ తగులుతూనే ఉంటుంది. 2000లో జర్మనీ నుంచి క్లాస్ నాపర్ తెచ్చిన నాపిక్స్ ఇంకో మలుపు. సీడీ పెట్టి రీస్టార్ట్ చేస్తే చాలు, హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండా పూర్తి డెస్క్‌టాప్ వచ్చేది. దాదాపు 2 గిగాబైట్ల సరుకును 700 మెగాబైట్ల సీడీలో కుదించి పెట్టి, అవసరమైన ముక్కను అప్పటికప్పుడు విప్పుకునే ఏర్పాటు అది. పంచుకున్న కంప్యూటర్లలో లినక్స్ అనే ఆలోచనకు జనంలో ఊపు వచ్చింది ఇక్కడే.

దాని నుంచి పుట్టిందే డ్యామ్ స్మాల్ లినక్స్. జాన్ ఆండ్రూస్ దీనికి 50 మెగాబైట్ల హద్దు పెట్టుకున్నాడు. విజిటింగ్ కార్డు సైజు సీడీలో పట్టేది అంతే. ఆ ప్రాజెక్టులో ముఖ్యంగా పనిచేసిన రాబర్ట్ షింగిల్‌డెకర్ బయటికొచ్చి, 2009లో టైనీ కోర్ మొదటి విడుదల తెచ్చాడు. డెస్క్‌టాప్‌తో కలిపి ఇప్పటికీ సుమారు 23 మెగాబైట్లే. కమాండ్లు మాత్రమే చాలనుకుంటే 17. గ్రాఫిక్స్ లేకుండా 28, ఉంటే 46 మెగాబైట్ల ర్యామ్ చాలంటారు తయారుచేసినవాళ్లు. ఆస్ట్రేలియాలో బారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన పప్పీ వీటికంటే బొద్దుగా ఉంటుంది, మనుషులకు మచ్చికగానూ ఉంటుంది. అన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. మొత్తం ర్యామ్‌లోకి ఎక్కగలవు, ఎక్కాక పెన్‌డ్రైవ్ పీకేసినా నడుస్తాయి, ఆపేస్తే ఆనవాలు మిగలదు.

టైనీ కోర్ నిర్మాణం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పంచుకున్న యంత్రానికి ఇంతగా సరిపోయే పద్ధతి ఇంకోటి నాకు కనిపించలేదు. ఇందులో అప్లికేషన్లు ఇన్‌స్టాల్ కావు. ఒక్కో అప్లికేషన్ ఒక్కో కుదించిన ఫైలు. బూట్ అయినప్పుడు దాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేలా తగిలిస్తారు. మూల సిస్టమ్ ప్రతిసారీ అదే, మచ్చలేకుండా లేస్తుంది. మనం మార్చుకున్నవి మాత్రం ఒక మూటగా కట్టి పెన్‌డ్రైవ్‌లో పెడితే, మళ్లీ బూట్ అయినప్పుడు విప్పుకుంటుంది. తెలియనివాళ్లు డౌన్‌లోడ్ చేసిన సినిమాలు కూడా హోమ్ ఫోల్డర్‌లోనే వదిలేస్తారు. మూట బరువెక్కి బూట్ కావడానికి యుగం పడుతుంది. అప్పుడు సిస్టమ్‌ను తిడతారు.

ఇదంతా యంత్రం పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కానిస్తేనే. పాత బయోస్ రోజుల్లో పాస్‌వర్డ్ పెట్టని ల్యాబులే ఎక్కువ. 2012లో విండోస్ 8తో అమ్మిన కొత్త కంప్యూటర్లలోకి సెక్యూర్ బూట్ వచ్చింది. ఫర్మ్‌వేర్ నమ్మిన సంతకం లేని బూట్‌లోడర్ లేవదు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటివి మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన చిన్న తొలి ప్రోగ్రామ్ ద్వారా ఈ గడప దాటుతున్నాయి. ఆ సంతకం సంపాదించి నిలబెట్టుకోవడానికి తతంగం చాలా ఉంది. నలుగురైదుగురు ఖాళీ సమయాల్లో నడిపే ప్రాజెక్టుకు అది మోయలేని బరువు. కంప్యూటర్ ఎంత తాజాదైతే అంత పెద్ద లినక్స్ మాత్రమే సులువుగా బూట్ అయ్యే విచిత్ర పరిస్థితి ఇలా వచ్చిపడింది. సెట్టింగుల్లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేయొచ్చు కదా అంటే, ఆ సెట్టింగులకే పాస్‌వర్డ్ ఉంటుంది. దాన్ని తప్పించుకోవాలని క్యాబినెట్ విప్పే పని ఈ వ్యాసం పరిధిలోది కాదు, ఎవరి పరిధిలోనూ ఉండకూడదు.

బూట్ దారి మూసుకుంటే రెండో దారి, ఉన్న విండోస్‌లోనే అతిథిగా నడపడం. అసలు రుచి ఉన్నది ఇక్కడే.

ఫాబ్రిస్ బెల్లార్ 2003లో విడుదల చేసిన క్యూఈఎమ్‌యూ ఒక కంప్యూటర్‌ను మొత్తంగా సాఫ్ట్‌వేర్‌లో అనుకరిస్తుంది. దీన్ని ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని మామూలు ప్రోగ్రామ్‌లా నడిపితే చాలు. డ్యామ్ స్మాల్ లినక్స్ వాళ్లు ఈ కిటుకును ముందే పట్టారు. తమ సిస్టమ్‌నూ క్యూఈఎమ్‌యూనూ కలిపి ఒక జిప్ ఫైలుగా ఇచ్చారు. విప్పి, అందులోని బ్యాచ్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే విండోస్‌లోనే ఒక కిటికీలో లినక్స్ లేచేది. రీస్టార్ట్ లేదు, పాస్‌వర్డ్ లేదు.

వెల ఎక్కడ చెల్లిస్తున్నామో చూడాలి. వర్చువల్‌బాక్స్, వీఎమ్‌వేర్ వంటివి అతిథి కోడ్‌ను నేరుగా ప్రాసెసర్ మీదే నడిపిస్తాయి, అందుకే చురుగ్గా ఉంటాయి. కానీ అలా నడపాలంటే కెర్నల్‌లో ఒక డ్రైవర్ కూర్చోవాలి, దాన్ని కూర్చోబెట్టేది అడ్మిన్. క్యూఈఎమ్‌యూకూ అప్పట్లో కేక్యూఈఎమ్‌యూ అనే డ్రైవర్ ఉండేది, అదీ అడ్మిన్ చలవతోనే. నేటి విండోస్‌లో హైపర్‌వైజర్ సౌకర్యం సిద్ధంగానే ఉంది. దాన్ని తెరవడానికి మళ్లీ అదే పాస్‌వర్డ్. ఏదీ లేనివాడికి మిగిలేది ఒట్టి అనువాదం. అతిథి కోడ్‌ను ముక్కలుగా చదివి, ఒక్కో ముక్కనూ ఆతిథేయి ప్రాసెసర్ భాషలోకి మార్చి, మార్చినదాన్ని దాచుకుని మళ్లీ వాడుకోవడం. అతిథి మెమరీని తాకిన ప్రతిసారీ చిరునామా సరిచూడడం దీనికి అదనం. అనేక రెట్ల మందగమనం తప్పదు. ఈ స్థితిలో ఉబుంటు డెస్క్‌టాప్‌ను లేపబోతే ల్యాబ్ పీరియడ్ అయిపోతుంది. టైనీ కోర్ మాత్రం ఓపిక పట్టగలిగినంత సేపట్లోనే లేస్తుంది. ఇక్కడ 23 మెగాబైట్లన్నది గొప్పకోసం చెప్పుకునే అంకె కాదు, బతికి బట్టకట్టడానికి కావలసిన షరతు.

నెట్‌వర్క్ సంగతి ఇంకా ముచ్చటైనది. అతిథికి నిజమైన నెట్‌వర్క్ కార్డు ఇవ్వడానికీ అడ్మిన్ హక్కులు కావాలి. క్యూఈఎమ్‌యూ ఆ గొడవే పెట్టుకోదు. తన లోపలే ఒక బుల్లి రూటర్ నటిస్తుంది. అతిథికి 10.0.2.15 అనే చిరునామా ఇస్తుంది, తాను 10.0.2.2గా నిలబడుతుంది. అతిథి పంపిన ప్యాకెట్లను విప్పి, మామూలు ప్రోగ్రామ్ తెరిచే కనెక్షన్‌లాగే బయటికి పంపుతుంది. విండోస్ దృష్టిలో అది బ్రౌజర్ లాంటి ఇంకో ప్రోగ్రామ్. పింగ్ చేస్తే మాత్రం సాధారణంగా జవాబు రాదు. నెట్ పనిచేయడంలేదని కొత్తవాళ్లు కంగారుపడేది అందుకే. ఈ బుల్లి రూటర్ వెనక ఉన్న కోడ్ పేరు స్లర్ప్. 1990ల మధ్యలో డానీ గాస్పరోవ్‌స్కీ రాశాడు. అప్పట్లో యూనివర్సిటీలూ ఇంటర్నెట్ కంపెనీలూ చవకగా ఇచ్చేది అక్షరాలు మాత్రమే కనిపించే షెల్ ఖాతా. మన దేశంలోనూ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ తెరిచాక విద్యార్థుల వంతుకు వచ్చింది అలాంటి ఖాతాలే. వేరెవరిదో అయిన యూనిక్స్ యంత్రంలో, ఏ ప్రత్యేక హక్కూ లేకుండా స్లర్ప్‌ను నడిపి, ఆ షెల్ ఖాతాను పూర్తి ఇంటర్నెట్ కనెక్షన్‌గా మార్చుకునేవాళ్లు. పంచుకున్న యంత్రంలో అనుమతి లేని మనిషి కోసం పుట్టిన కోడ్, పదేళ్ల తర్వాత మళ్లీ అలాంటి మనిషికే అక్కరకొచ్చింది.

ఈ దారిలో ఇంకొన్ని ప్రయోగాలున్నాయి. డాన్ అలోనీ 2004లో తెచ్చిన కోలినక్స్ లినక్స్ కెర్నల్‌ను విండోస్ కెర్నల్ పక్కనే నడిపింది. వేగం భేషుగ్గా ఉండేది, డ్రైవర్ కావాల్సిందే కాబట్టి మన సమస్యకు అక్కరకు రాలేదు. 2016లో మైక్రోసాఫ్టే విండోస్‌లోకి లినక్స్ తెచ్చింది. అదీ అడ్మిన్ తెరిచి పెడితేనే. బెల్ ల్యాబ్స్ 1996లో ప్రకటించిన ఇన్ఫెర్నో గురించి మాత్రం చెప్పకుండా వదల్లేను. ఒక మెగాబైట్ మెమరీతో సొంతంగా నడవగల ఈ ఆపరేటింగ్ సిస్టమ్, అవసరమైతే విండోస్‌లోనో యూనిక్స్‌లోనో మామూలు ప్రోగ్రామ్‌గానూ నడుస్తుంది. అతిథిగా ఉండడాన్ని పుట్టుకలోనే నేర్చుకున్న సిస్టమ్ అది. కానీ అందులో నడవాలంటే లింబో భాషలో రాయాలి, లింబో రాసేవాళ్లు ఎక్కడా లేరు. సాంకేతికంగా సరైన జవాబు జనానికి పనికిరాకుండా పోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

విండోస్ 7తో వచ్చిన యాప్‌లాకర్ ఈ రెండో దారికీ గేటు వేసింది. ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ ఫోల్డర్లలో ఉన్నవి తప్ప వేరే ప్రోగ్రామ్ నడవకూడదని నియమం పెట్టవచ్చు. పెన్‌డ్రైవ్‌లోని క్యూఈఎమ్‌యూ అక్కడే ఆగిపోతుంది. అప్పుడు మిగిలేది బ్రౌజర్. అదే బెల్లార్ 2011లో జేఎస్‌లినక్స్ చూపించి అందరినీ నివ్వెరపరిచాడు. జావాస్క్రిప్ట్‌లో రాసిన ఒక పాతతరం ప్రాసెసర్ మీద, బ్రౌజర్ ట్యాబ్‌లో, లినక్స్ 2.6.20 కెర్నల్ బూట్ అయింది. ఆ తర్వాత వచ్చిన వీ86 విండోస్ పాత వెర్షన్లను కూడా ట్యాబ్‌లో లేపుతోంది. 2022లో వచ్చిన వెబ్‌వీఎమ్ డెబియన్‌నే నడిపిస్తోంది. అనుమతులు అడుగంటిన చోటు ఇది, అందుకే వెల కూడా ఇక్కడే ఎక్కువ. బ్రౌజర్ నేరుగా బయటికి కనెక్షన్ తెరవనివ్వదు కాబట్టి, నెట్ కావాలంటే దారిలో ఇంకొక సర్వర్ మధ్యవర్తిగా ఉండాలి. షెల్ కమాండ్లు నేర్చుకోవడానికి, సీ ప్రోగ్రాములు కంపైల్ చేసి చూడడానికి ఇది చాలు. రోజువారీ పనికి చాలదు. నిజం చెప్పాలంటే, బ్రౌజర్ వరకు వచ్చాక ఎక్కడో ఉన్న సొంత సర్వర్‌లోకి లాగిన్ కావడమే తెలివైన పని. బయటి ప్రోగ్రామ్‌ను నడవనిచ్చే యంత్రాల్లో సైమన్ టాథమ్ రాసిన పుట్టీ ఒక్క ఫైలుగా నడుస్తూ చాలామందికి ఆ అవసరమే తీర్చింది.

ఇంతవరకూ విండోస్ గది. పంచుకున్న యంత్రం అంటే సూపర్ కంప్యూటర్ కూడా. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ వంటి క్లస్టర్‌లో వందలమందికి ఖాతాలుంటాయి, రూట్ పాస్‌వర్డ్ ఏ పరిశోధకుడికీ ఇవ్వరు. తన ప్రోగ్రామ్‌కు కావలసిన లైబ్రరీ వెర్షన్ అక్కడ ఉండదు. ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన లైబ్రరీలతో సహా మూటగట్టి నడిపే డాకర్ పెట్టమంటే అడ్మిన్ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడమే న్యాయం. డాకర్ సేవను వాడే హక్కు ఉన్నవాడు కాస్త తిరగేస్తే ఆ యంత్రానికి రూట్ అయినట్టే. ఈ చిక్కుముడిని విప్పింది లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో గ్రెగరీ కర్ట్జర్ 2015లో మొదలుపెట్టిన సింగ్యులారిటీ. 2021లో లినక్స్ ఫౌండేషన్ గూటికి చేరి అప్టైనర్ అయింది. మొత్తం సిస్టమ్ ఒకే ఫైలులో ఉంటుంది. బయట మీరు ఏ యూజరో లోపలా అదే యూజర్. హక్కులు పెరగవు కాబట్టి అడ్మిన్‌కు నిద్ర పడుతుంది.

నేటి అప్టైనర్‌కు పునాది 2013 నాటి లినక్స్ 3.8లో మామూలు యూజర్లకూ అందిన యూజర్ నేమ్‌స్పేస్ సౌకర్యం. తన చిన్న లోకంలో తానే రూట్, బయట మాత్రం మామూలు మనిషి. వినడానికి సొగసుగా ఉంది, భద్రతా నిపుణులకు మాత్రం దీని మీద మొదట్నుంచీ అనుమానమే. మామూలు యూజర్ చేతికి అందని కెర్నల్ కోడ్ దీనివల్ల అందుబాటులోకి వస్తుంది. డెబియన్ 2021లో 11వ వెర్షన్ వచ్చేదాకా దీన్ని మూసే ఉంచింది. ఉబుంటు 24.04 తెరిచిన తలుపును మళ్లీ సగం మూసింది. అది కూడా లేనిచోట పీరూట్ అనే పనిముట్టు, ప్రోగ్రామ్ కెర్నల్‌ను అడిగే మాటలను మధ్యలో ఆపి ఫైళ్ల దారులు మార్చి పంపుతుంది. మళ్లీ అదే బేరం, అనుమతి లేదు కాబట్టి నిదానం.

క్లస్టర్‌లో చిన్న సిస్టమ్ అంటే చాలామందికి ఆల్పైన్ గుర్తొస్తుంది. సుమారు 5 మెగాబైట్ల మూలం, లోపల మన పాత బిజీబాక్సే. కానీ ఇక్కడ నా సలహా వేరు. ఆల్పైన్ వాడే సీ లైబ్రరీ మజిల్, శాస్త్రీయ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం తయారైంది జీలిబ్‌సీ కోసం. పొదుపు చేసిన మెగాబైట్లకు నాలుగింతల తలనొప్పి తిరిగొస్తుంది. క్లస్టర్‌లో ప్రాసెసర్ నేరుగా దొరుకుతుంది, వేగం తగ్గదు కాబట్టి పొదుపు కూడా అక్కర్లేదు. డెబియన్ పెట్టుకుని హాయిగా పనిచేసుకోవచ్చు.

ఇక గోప్యత. ఈ విషయంలో ప్రచారంలో ఉన్నన్ని అపోహలు ఇంకెక్కడా లేవు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయితే విండోస్‌లోని వైరస్‌లూ కీలాగర్లూ నిద్రలోనే ఉంటాయి, అంతవరకూ నిజం. కీబోర్డు తీగకు తగిలించిన పరికరాన్ని ఏ సిస్టమూ పసిగట్టలేదు. విండోస్ లోపల క్యూఈఎమ్‌యూలో నడిపితే ఆ మాత్రం రక్షణ కూడా లేదు. మీరు కొట్టే ప్రతి మీటా ముందు విండోస్ చేతుల్లోంచే వెళ్తుంది, అతిథి మెమరీ అంతా విండోస్ చదవగలిగేదే. ఆనవాళ్లు మిగలకుండా పనిచేయడానికే పుట్టిన టెయిల్స్ కూడా వర్చువల్ మెషీన్‌లో నడిపేటప్పుడు ఆతిథేయి అన్నీ చూడగలదని హెచ్చరిస్తుంది. చిన్న సిస్టమ్ మనకు మనదైన పనిముట్ల పెట్టె ఇస్తుంది. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేంత నమ్మకం ఇవ్వదు.

చట్టం సంగతీ ఉంది. ఐటీ చట్టం 43వ సెక్షన్ మాట్లాడేది యజమాని లేదా బాధ్యుడి అనుమతి గురించే. 66వ సెక్షన్ అనుమతి లేని ఆ పనులను దురుద్దేశంతో చేస్తే 3 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ అంటుంది. 2011 సైబర్ కేఫ్ నిబంధనలు క్యాబిన్ అడ్డుగోడ నాలుగున్నర అడుగులు మించకూడదని చెప్పడంతో ఆగలేదు. ఎవరు ఏ సైట్లు చూశారో ఏడాదిపాటు భద్రపరచమన్నాయి. కేఫ్ కంప్యూటర్‌లో సొంత సిస్టమ్ బూట్ చేస్తే ఆ యంత్రంలో చరిత్ర నమోదు కాదు, చిక్కు కేఫ్ యజమానికి చుట్టుకుంటుంది. కాలేజీలో అయితే ల్యాబ్ బాధ్యుణ్ని ఒకమాట అడగడం ఖర్చులేని పని. ఒప్పుకునేవాళ్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువే.

అడిగిన దగ్గర తరచూ తేలే విషయం ఒకటుంది. ల్యాబ్ నడిపేవాళ్లు డీప్‌ఫ్రీజ్ పెట్టి, రీస్టార్ట్ చేస్తే యంత్రం మొదటి స్థితికి వచ్చేలా చూసుకుంటారు. ర్యామ్‌లో నడిచే లినక్స్ చేసేదీ అదే. రెండు పక్షాలూ కోరేది ఒకటే అయినప్పుడు, ల్యాబ్ తానే నెట్‌వర్క్ మీదుగా టైనీ కోర్‌ను బూట్ చేయించవచ్చు. హార్డ్ డిస్కులు పాడైన యంత్రాలు కూడా పనికొస్తాయి. 1999లో మొదలైన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు ఇదే పద్ధతిని బడుల దాకా తీసుకెళ్లింది. అడ్డంకి సాంకేతికమైనది కాదు, పరీక్ష సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుందన్నది ఒకటి, ఏదైనా తేడా వస్తే ఫోన్ చేయడానికి ఒక కంపెనీ ఉండాలన్నది ఇంకొకటి.

పొదుపుకు ఇంకో హద్దు బ్రౌజర్. సిస్టమ్ 23 మెగాబైట్లే అయినా, ఫైర్‌ఫాక్స్ తగిలించగానే ఆ లెక్క అర్థం కోల్పోతుంది. నాలుగు ట్యాబులు తెరిస్తే వందల మెగాబైట్ల ర్యామ్ పోతుంది. అనువాదంతో నడిచే క్యూఈఎమ్‌యూలో నేటి వెబ్‌సైట్లు చూడాలనుకోవడం అత్యాశ.

తెలుగువాళ్లకు ఎదురయ్యే హద్దు మరోటి, ఏ ఇంగ్లిష్ సమీక్షలోనూ కనిపించదు. సిస్టమ్‌ను చిన్నది చేసేటప్పుడు మొదట తీసేసేవాటిలో మన లిపి ఉంటుంది. లినక్స్ టెక్స్ట్ కన్సోల్‌లో గరిష్ఠంగా 512 ఆకారాలే పడతాయి, వాటికి వత్తులు కలపడం తెలియదు. టైనీ కోర్ డెస్క్‌టాప్ కట్టింది ఎఫ్ఎల్‌టీకే అనే గ్రాఫిక్స్ లైబ్రరీ మీద. దాని పాత వెర్షన్లు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చేవే, కాబట్టి ఫాంట్ ఉన్నా ‘క్ష’ విడిపోయి క, పొల్లు, షగా కనిపిస్తుంది. స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగు లినక్స్ తయారుచేసినప్పుడు అది పెద్ద డెస్క్‌టాప్‌లతోనే వచ్చిందంటే కారణం ఇదే. విచిత్రమేమిటంటే టైపింగ్‌కు ఏ బరువూ అక్కర్లేదు. ఎక్స్ విండో వ్యవస్థ కీబోర్డు పట్టికల్లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఎప్పట్నుంచో ఉంది, ఒక్క కమాండ్‌తో కీబోర్డు మారిపోతుంది, డీ మీట పొల్లు అవుతుంది. బయట విండోస్‌లో తెలుగు కీబోర్డు లేకపోయినా క్యూఈఎమ్‌యూ లోపల ఇది పనిచేస్తుంది, అతిథికి అందేవి మీటల సంఖ్యలే కాబట్టి. కావలసిందల్లా అక్షరాలను సరిగ్గా కలిపి చూపే పాంగో లైబ్రరీని వాడే ఒక చిన్న ఎడిటర్, లీఫ్‌ప్యాడ్ లాంటిది. హోమ్ ఫోల్డర్‌లో లోహిత్ తెలుగు ఫాంట్ ఒకటి. జీటీకే లైబ్రరీలు వెంట వస్తాయి కాబట్టి సిస్టమ్ కాస్త లావెక్కుతుంది, బూట్ ఇంకొంచెం నిదానిస్తుంది. రాసుకోవలసింది తెలుగైతే ఆ ఖర్చు ఎటూ తప్పదు.